కెర్నెల్ లక్షణాంతరాళంలో నమూనాల విక్షేపం: కురిక్యాల, గుంజాల లిపుల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

యంత్రాభ్యసనంలో కెర్నెల్ పద్ధతులు నమూనాలను లక్షణాంతరాళం అనే గణిత అంతరాళంలోకి పంపి, అక్కడి ప్రధాన దిశల మీద వాటి విక్షేపాలను లెక్కిస్తాయి. కొత్త నమూనా విక్షేపం, శిక్షణలో వాడిన నమూనాలతో దానికున్న పోలికల మీదనే ఆధారపడి ఉంటుంది. ఏ శిక్షణ నమూనాతోనూ పోలిక లేని నమూనాలన్నీ గాసియన్ కెర్నెల్ కింద ఒకే బిందువు వద్ద చేరతాయి. అయినా వర్గీకరణ సాఫ్ట్‌వేర్ వాటికి ఏదో ఒక అక్షరం పేరు పెడుతుంది. కరీంనగర్ జిల్లా కురిక్యాల శాసనలిపిని, ఆదిలాబాద్ జిల్లా గుంజాల గోండి లిపిని ఉదాహరణలుగా తీసుకొని ఈ వ్యాసం ఆ ప్రక్రియను వివరిస్తుంది. విక్షేపంతో పాటు శేషాన్ని కూడా లెక్కించి ప్రకటించడం లిపి పరిశోధనలో ఎందుకు అవసరమో చెబుతుంది.

కీలకపదాలు: కెర్నెల్, లక్షణాంతరాళం, విక్షేపం, ప్రధానాంశ విశ్లేషణ, శేషం, అక్షర గుర్తింపు, గుంజాల గోండి, కురిక్యాల.

1. ఉపోద్ఘాతం

ఉత్తర తెలంగాణలో గోదావరికి ఇరువైపులా లిపి చరిత్రకు సంబంధించిన రెండు ముఖ్యమైన ఆధారాలు ఉన్నాయి. నదికి దక్షిణాన కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద 10వ శతాబ్దానికి చెందిన జినవల్లభుని శాసనం ఉంది. కన్నడ ఆదికవి పంపని తమ్ముడైన జినవల్లభుడు వేయించిన ఈ శాసనంలో సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడూ కనిపిస్తాయి. తెలుగు భాగంలో కందపద్యాలు ఉండటం వల్ల సాహిత్య విద్యార్థులకు ఇది సుపరిచితం. నదికి ఉత్తరాన ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో గోండి భాషను ప్రత్యేక లిపిలో రాసిన వ్రాతప్రతులు లభించాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాటిని వెలుగులోకి తెచ్చింది. గుంజాల గోండి పేరుతో ఆ లిపి 2018లో యూనికోడ్ 11.0లో చేరింది. తెలుగు లిపి యూనికోడ్ తొలి సంచిక వెలువడిన 1991 నుంచే అందులో ఉంది.

యూనికోడ్‌లో స్థానం లభించడంతో ఆ లిపిని కంప్యూటర్‌లో టైపు చేసి భద్రపరచడానికి వీలు కలిగింది. వ్రాతప్రతి ఛాయాచిత్రాన్ని యంత్రమే చదివి పాఠంగా మార్చడం అంతకంటే భిన్నమైన సమస్య. దీనికి చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్ పరికరాలను వాడేటప్పుడు ఒక ప్రశ్న తప్పనిసరిగా ఎదురవుతుంది. ముద్రిత తెలుగు అక్షరాలతో శిక్షణ పొందిన యంత్రం ముందు కురిక్యాల అక్షరాన్నో గుంజాల అక్షరాన్నో ఉంచితే, యంత్రం దాన్ని ఎక్కడ నిలబెడుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం కెర్నెల్ లక్షణాంతరాళంలో విక్షేపం ఎలా జరుగుతుందో తెలిస్తేనే దొరుకుతుంది. గణితేతర శాఖల పరిశోధకులను దృష్టిలో ఉంచుకొని ఇక్కడ సూత్రాలను వీలైనంతవరకు మాటల్లోనే చెప్పడం జరిగింది.

2. అక్షరం నుంచి సదిశ వరకు

యంత్రానికి అక్షరం అంటే సంఖ్యల వరుస. ఒక అక్షరం బొమ్మను నిలువున 20, అడ్డంగా 20 గళ్లుగా విభజిస్తే 400 పిక్సెళ్లు వస్తాయి. ప్రతి పిక్సెల్ నలుపుదనాన్ని ఒక సంఖ్యతో సూచిస్తే ఆ అక్షరం 400 అంశాలున్న సదిశ అవుతుంది. అంటే 400 పరిమాణాల అంతరాళంలో ఒక బిందువు.

ఇన్ని పరిమాణాలతో నేరుగా పని చేయడం కష్టం కాబట్టి, నమూనాల్లో ఎక్కువ విస్తృతి ఉన్న కొన్ని దిశలను మాత్రమే ఎంచుకొని వాటి మీదికి బిందువులను విక్షేపించే పద్ధతి ఉంది. అదే ప్రధానాంశ విశ్లేషణ. అనువర్తిత పరిశోధనలో దాని వినియోగం, అన్వయం గురించి తెలుగువాడైన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు 1964లో 'సాంఖ్య' పత్రికలో విపులమైన వ్యాసం రాశారు.

తెలుగు అక్షర గుర్తింపులో ఈ మార్గం కొత్తది కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భగవతి తదితరులు 2001లో ప్రకటించిన వ్యవస్థ అక్షర ఖండాలను మూస రూపాలతో పోల్చి గుర్తించింది. 2003లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ నుంచి సి.వి.జవహర్ బృందం హిందీ, తెలుగు ముద్రిత పత్రాలను చదివే ద్విభాషా వ్యవస్థను ప్రకటించింది. ఇందులో మొదట ప్రధానాంశ విశ్లేషణ, తర్వాత సపోర్ట్ వెక్టర్ వర్గీకరణ ఉన్నాయి. సుమారు 2,00,000 అక్షరాల మీద పరీక్షించగా దాదాపు 96.7 శాతం కచ్చితత్వం వచ్చిందని వారు తెలిపారు. ఆ సంఖ్య ముద్రిత హిందీ, తెలుగు అక్షరాలకు వర్తిస్తుంది. శిక్షణ పరిధిలో లేని లిపి విషయంలో అది ఏమీ చెప్పదు.

సాధారణ ప్రధానాంశ విశ్లేషణ రేఖీయమైనది. ఒకే అక్షరాన్ని ఇద్దరు రాసిన రెండు రూపాలను తీసుకొని పిక్సెల్‌కు పిక్సెల్ సగటు కడితే వచ్చేది మూడో చేతిరాత కాదు, ఒకదాని మీద ఒకటి పడిన రెండు నీడలు. అంటే ఒక అక్షరానికి చెందిన రూపాలన్నీ సరళరేఖల మీదో సమతలాల మీదో కాకుండా వంపు తిరిగిన తలాల మీద ఉంటాయి. పైగా తెలుగులో ద, ధ, థ వంటి అక్షరాల మధ్య భేదం ఒక చుక్కలోనో ఒక చిన్న గీతలోనో ఉంటుంది. ఇటువంటి భేదాలు ఒక్కొక్క పిక్సెల్‌లో కంటే పిక్సెళ్ల పరస్పర సంబంధంలో స్పష్టంగా వ్యక్తమవుతాయి. అక్కడే లక్షణాంతరాళం అవసరం మొదలవుతుంది.

3. లక్షణాంతరాళం, కెర్నెల్

అసలు సదిశలోని అంశాలతో పాటు వాటి వర్గాలనూ పరస్పర లబ్ధాలనూ కొత్త అంశాలుగా చేర్చితే ఏర్పడే పెద్ద అంతరాళమే లక్షణాంతరాళం. మొదటి అంతరాళంలో వంపుగా ఉన్న హద్దు ఇక్కడ సమతలంగా మారే అవకాశం ఉంది. అయితే దీనికి మూల్యం చాలా ఎక్కువ. 400 పిక్సెళ్లకు రెండో ఘాతపు పదాలే 80,200 ఉంటాయి. 256 పిక్సెళ్ల బొమ్మకు ఐదో ఘాతపు పదాలు 952 కోట్లు దాటుతాయి. వాటిని ఒక్కొక్కటిగా రాసుకొని లెక్కించడం సాధ్యం కాదు.

ఈ కష్టాన్ని కెర్నెల్ తొలగిస్తుంది. లక్షణాంతరాళంలో రెండు బిందువుల అదిశా లబ్ధాన్ని, అక్కడికి వెళ్లకుండానే అసలు సదిశల నుంచి ఇచ్చే ప్రమేయమే కెర్నెల్. ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. (1, 2), (3, 1) అనే రెండు సదిశల అదిశా లబ్ధం 5, దాని వర్గం 25. ఇప్పుడు ప్రతి సదిశను మొదటి అంశపు వర్గం, రెండు అంశాల లబ్ధానికి √2 రెట్లు, రెండో అంశపు వర్గం అనే మూడు అంశాలుగా విస్తరిద్దాం. అవి (1, 2√2, 4), (9, 3√2, 1) అవుతాయి. వీటి అదిశా లబ్ధం 9 + 12 + 4, అంటే మళ్లీ 25. విస్తరించి చేసినా, విస్తరించకుండా వర్గం చేసినా ఫలితం ఒక్కటే.

ఏ ప్రమేయాలు ఇలా అదిశా లబ్ధాలుగా పనికివస్తాయో తెలిపే సిద్ధాంతాన్ని మెర్సర్ 1909లోనే ఇచ్చారు. 1992లో బోసర్, గీయో, వాప్నిక్ దీన్ని వర్గీకరణకు అన్వయించారు. 1998లో షోల్కోఫ్, స్మోలా, ముల్లర్ కెర్నెల్ ప్రధానాంశ విశ్లేషణను వివరిస్తూ చేతిరాత అంకెల మీద పరీక్షించి చూపారు. గుర్తించవలసిన విషయమేమిటంటే, ఈ పద్ధతుల్లో యంత్రం ఒక్కో నమూనా నిర్దేశాంకాలను ఎక్కడా చూడదు. నమూనాల మధ్య ఉన్న పోలికలను మాత్రమే చూస్తుంది.

ఎక్కువగా వాడే గాసియన్ కెర్నెల్‌లో ఈ స్వభావం మరింత స్పష్టం. రెండు నమూనాల మధ్య దూరపు వర్గాన్ని గామా అనే ధనసంఖ్యతో గుణించి, ఆ లబ్ధాన్ని ఇ అనే స్థిరాంకానికి రుణఘాతంగా వేస్తే పోలిక విలువ వస్తుంది. నమూనాకు తనతో తనకున్న పోలిక ఎప్పుడూ 1. ఆ లబ్ధం 0.5 అయితే పోలిక 0.61, 3 అయితే 0.05, 12 అయితే 0.000006. దూరం పెరిగే కొద్దీ పోలిక అతి వేగంగా సున్నా వైపు జారుతుంది. దీనికి సంబంధించిన లక్షణాంతరాళానికి అనంత పరిమాణాలు ఉంటాయి.

4. కొత్త నమూనా విక్షేపం: సాఫ్ట్‌వేర్ చేసే పని

శిక్షణ దశలో సాఫ్ట్‌వేర్ ప్రతి జత శిక్షణ నమూనాల పోలికను లెక్కించి ఒక చతురస్ర మాత్రికను తయారుచేస్తుంది. లక్షణాంతరాళంలో నమూనాల సగటు మూలబిందువు వద్దకు వచ్చేట్లు మాత్రికను కేంద్రీకరిస్తుంది. ఆపైన దాని ఐగెన్ విలువలను, ఐగెన్ సదిశలను కనుగొంటుంది. ఒక్కో ఐగెన్ సదిశ ఒక్కో ప్రధాన దిశను ఇస్తుంది. ఆ దిశ శిక్షణ నమూనాల భారిత మొత్తం తప్ప మరొకటి కాదు.

కొత్త నమూనా వచ్చినప్పుడు జరిగే పని నాలుగు మెట్లు:

(1) భద్రపరచిన ప్రతి శిక్షణ నమూనాతో కొత్త నమూనా పోలికను లెక్కించడం.
(2) ఆ పోలికలను శిక్షణ సమయంలో లభించిన సగటులతోనే కేంద్రీకరించడం.
(3) వాటిని ఐగెన్ సదిశ ఇచ్చిన భారాలతో గుణించి కూడటం.
(4) దిశ పొడవు 1 అయ్యేట్లు ఐగెన్ విలువ వర్గమూలంతో భాగించడం.

వచ్చిన సంఖ్యే ఆ దిశ మీద కొత్త నమూనా విక్షేపం. సైకిట్-లెర్న్ వంటి గ్రంథాలయాల్లో శిక్షణకు 'ఫిట్', విక్షేపానికి 'ట్రాన్స్‌ఫామ్' అనే వేర్వేరు ఆదేశాలు ఉండటానికి కారణం రెండో మెట్టే. పరీక్ష నమూనాల మీద మళ్లీ 'ఫిట్' నడిపితే వాటి సగటు, వాటి దిశలు వేరుగా ఏర్పడతాయి. అప్పుడు శిక్షణ బిందువులు ఒక పటంలోనూ పరీక్ష బిందువులు మరో పటంలోనూ ఉంటాయి. రెండింటినీ ఒకే బొమ్మలో గీసి పోల్చడం అర్థరహితం.

మరో రెండు జాగ్రత్తలు అవసరం. సైకిట్-లెర్న్‌లోని కెర్నెల్ పీసీఏలో కెర్నెల్ పేరు చెప్పకపోతే రేఖీయ కెర్నెల్ అమలవుతుంది. అంటే ఫలితం సాధారణ ప్రధానాంశ విశ్లేషణే. గాసియన్ కెర్నెల్‌ను ఎంచుకొని గామా ఇవ్వకపోతే లక్షణాల సంఖ్యతో 1ని భాగించగా వచ్చే విలువను తీసుకుంటుంది. 400 పిక్సెళ్లకు అది 0.0025. పిక్సెల్ విలువలు 0 నుంచి 1 వరకు ఉంటే ఇది ఫర్వాలేదు. 0 నుంచి 255 వరకు ఉన్న విలువలను అలాగే ఇస్తే, ఒక్క పిక్సెల్ నలుపు నుంచి తెలుపుకు మారినా దూరపు వర్గం 65,025 అవుతుంది. గామాతో గుణిస్తే 160 దాటుతుంది, పోలిక ఆచరణలో సున్నా. అప్పుడు ఒకే అక్షరపు రెండు ప్రతులు కూడా యంత్రానికి ఏ సంబంధమూ లేనివిగా కనిపిస్తాయి.

జ్ఞాపకసామర్థ్యం కూడా పరిమితమే. 10,000 శిక్షణ నమూనాలకు మాత్రికలో 10 కోట్ల గళ్లు ఉంటాయి. గడికి 8 బైట్ల చొప్పున 80 కోట్ల బైట్లు కావాలి. నమూనాలు 1,00,000 అయితే ఆ అవసరం నూరు రెట్లవుతుంది. పెద్ద సంకలనాలకు కొన్ని నమూనాలనే ఆధారంగా తీసుకొనే నిస్ట్రోమ్ పద్ధతి, 2007లో రహీమీ, రెక్ట్ ప్రతిపాదించిన యాదృచ్ఛిక ఫోరియర్ లక్షణాలు ఉపయోగపడతాయి. వ్రాతప్రతులు కొన్నే ఉన్న లిపులకు ఈ ఇబ్బంది రాదు. అక్కడి సమస్య వేరు.

5. పోలిక లేని నమూనా ఎక్కడ పడుతుంది?

పై నాలుగు మెట్లలో కొత్త నమూనా ప్రవేశించేది మొదటి మెట్టులో మాత్రమే. శిక్షణ నమూనాలన్నింటితోనూ పోలిక సున్నా అయితే, తర్వాతి లెక్కలో మిగిలేవి శిక్షణ సగటులు, భారాలు మాత్రమే. అవి కొత్త నమూనాను బట్టి మారవు. కాబట్టి అటువంటి నమూనాలన్నిటికీ ఒకే విక్షేపం వస్తుంది. గుంజాల అక్షరమైనా, రాతి మీది పగులైనా, కాగితం మీది మరకైనా, శిక్షణ నమూనాలకు తగినంత దూరంగా ఉంటే చాలు, పటంలో ఒకే చోట చేరతాయి.

దీన్ని కేవలం రెండు శిక్షణ నమూనాలతో లెక్కించి చూడవచ్చు. ఒకటి ముద్రిత 'ద', మరొకటి ముద్రిత 'ప' అనుకుందాం. వాటి పరస్పర పోలిక 0.2 అని తీసుకుందాం. ఇవి వివరణ కోసం తీసుకున్న సంఖ్యలే, ప్రయోగఫలితాలు కావు. రెండు నమూనాలను కేంద్రీకరిస్తే ఒకే ప్రధాన దిశ మిగులుతుంది. దాని మీద 'ద' విక్షేపం +0.63, 'ప' విక్షేపం −0.63. ఇప్పుడు మూడు కొత్త నమూనాలను విక్షేపిద్దాం.

మొదటిది 'ద'తో 0.9, 'ప'తో 0.25 పోలిక ఉన్నది. దాని విక్షేపం +0.51. ఇది 'ద' అని చెప్పడం సమంజసం.

రెండోది చెరిగిపోయిన అక్షరం. రెండింటితోనూ 0.6 పోలిక ఉంది. దాని విక్షేపం 0.

మూడోది వేరే లిపికి చెందిన అక్షరం. రెండింటితోనూ పోలిక 0. దాని విక్షేపం కూడా 0.

రెండో నమూనా రెండింటికీ దగ్గరగా ఉండటం వల్ల నడుమ నిలిచింది. మూడోది రెండింటికీ సంబంధం లేకపోవడం వల్ల అక్కడే పడింది. పటాన్ని మాత్రమే చూసేవారికి ఈ భేదం తెలియదు. శిక్షణ నమూనాలు వందల్లో ఉన్నప్పుడు ఈ బిందువు సరిగ్గా మధ్యలోనే ఉండాలని కూడా లేదు. అది ఏదో ఒక అక్షర సమూహపు ఆవరణలో పడితే వర్గీకరణ ఆ అక్షరం పేరే చెబుతుంది.

సపోర్ట్ వెక్టర్ మెషీన్‌ను నేరుగా గాసియన్ కెర్నెల్‌తో నడిపినా పరిస్థితి ఇదే. అక్కడి నిర్ణయసూత్రం పోలికల భారిత మొత్తానికి ఒక స్థిరాంకాన్ని కలుపుతుంది. పోలికలన్నీ సున్నా అయితే స్థిరాంకం గుర్తు ఒక్కటే తీర్పు ఇస్తుంది. ఆ స్థిరాంకం శిక్షణ సమయంలోనే ఖరారైనది. ఎదుట ఉన్న అక్షరాన్ని చూడకుండానే ఇచ్చిన తీర్పు అది. అయినా అక్షరాన్ని పరిశీలించి ఇచ్చిన తీర్పుకూ దీనికీ వెలువడిన పాఠంలో తేడా కనిపించదు.

6. శేషం ఇచ్చే సమాచారం

విక్షేపం ఒక నీడ వంటిది. వస్తువు తలానికి ఎంత ఎత్తులో ఉందో నీడ చెప్పదు. ఆ ఎత్తును కొలిచేదే శేషం. లక్షణాంతరాళంలో కేంద్రీకరించిన నమూనా పొడవు వర్గం నుంచి విక్షేపాల వర్గాల మొత్తాన్ని తీసివేస్తే శేషం వస్తుంది. దీనికి కావలసినవన్నీ కెర్నెల్ విలువలే కాబట్టి అదనపు సమాచారం అక్కరలేదు. 2007లో హాఫ్‌మన్ ఈ కొలతను అపరిచిత నమూనాలను పసిగట్టడానికి వాడి చూపారు.

పై ఉదాహరణలో శిక్షణ నమూనాల శేషం 0. మొదటి కొత్త నమూనా శేషం సుమారు 0.19. చెరిగిన అక్షరానిది 0.4. వేరే లిపి అక్షరానిది 1.6. పటంలో ఒకే చోట ఉన్న రెండు నమూనాలు ఇక్కడ స్పష్టంగా విడిపోయాయి.

ఇది యాదృచ్ఛికం కాదు. గాసియన్ కెర్నెల్‌లో పోలికలన్నీ సున్నా అయిన నమూనాకు శేషం ఎన్నడూ 1 కంటే తగ్గదు. ఎందుకంటే ఆ నమూనా శిక్షణ నమూనాలన్నిటికీ లంబంగా ఉంటుంది. దాని సొంత పొడవైన 1లో ఏ భాగమూ ప్రధాన దిశల మీద పడదు. అక్కడ పడేది సగటును తీసివేయడం వల్ల వచ్చిన భాగం మాత్రమే. అందువల్ల శేషానికి ఒక హద్దు నిర్ణయించి, దాన్ని దాటిన నమూనాకు 'గుర్తుతెలియదు' అని రాయించడం గణితపరంగా సమర్థనీయం. ఆ హద్దును శిక్షణలో వాడని పరిచిత అక్షరాల శేషాలను చూసి నిర్ణయించాలి. శిక్షణ నమూనాల శేషాలను చూసి నిర్ణయిస్తే హద్దు మరీ ఇరుకవుతుంది.

7. కురిక్యాల, గుంజాల: ఆచరణలో భేదం

కురిక్యాల శాసనం తెలుగు, కన్నడ లిపులు ఇంకా పూర్తిగా వేరుపడని కాలానిది. నేటి అక్షరాలతో దాని అక్షరాల్లో కొన్నిటికి దగ్గరి పోలిక, కొన్నిటికి దూరపు పోలిక ఉంటుంది. కాబట్టి ముద్రిత తెలుగుతో శిక్షణ పొందిన యంత్రంలో వాటి శేషాలు అక్షరాన్ని బట్టి మారుతాయని ఊహించవచ్చు. ఇక్కడ శేషం ఒక ఉపకరణంగా కూడా పనికివస్తుంది. ఏ అక్షరరూపం కాలక్రమంలో ఎక్కువ మారిందో పరిశీలించవలసిన చోట్లను అది సూచిస్తుంది. అయితే శాసనపు నకలులో రాతి గరుకుదనం, పగుళ్లు కూడా పిక్సెళ్లుగా చేరతాయి. శేషం పెరగడానికి లిపి పరిణామమే కారణమని శాసన పరిశోధకుల పరిశీలన లేకుండా నిర్ణయించరాదు.

గుంజాల గోండి బ్రాహ్మీ సంప్రదాయానికి చెందినదే అయినా తెలుగు లిపికి రూపాంతరం కాదు. స్వతంత్ర రూపాలున్న లిపి. దానికి తెలుగు అక్షరాలతో శిక్షణ పొందిన అంతరాళం చాలదు. గుంజాల వ్రాతప్రతుల నుంచే శిక్షణ నమూనాలను సేకరించాలి. నమూనాలు కొద్దిగా ఉన్నప్పుడు కెర్నెల్ పద్ధతులు అనుకూలమే, ఎందుకంటే మాత్రిక చిన్నది, గణన తేలిక. కానీ పరీక్షించే తీరులో ఒక నియమం తప్పక పాటించాలి. ఒకే వ్రాతప్రతిలోని అక్షరాలను శిక్షణకూ పరీక్షకూ పంచితే, యంత్రం లిపిని కాక ఆ లేఖకుని చేతివాటాన్ని, ఆ సిరా రంగును గుర్తుపట్టవచ్చు. కచ్చితత్వం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అందువల్ల విభజన అక్షరాలవారీగా కాక వ్రాతప్రతులవారీగా జరగాలి. ఒక ప్రతిని పూర్తిగా పక్కన పెట్టి మిగిలినవాటితో శిక్షణ ఇచ్చి, ఆ పక్కన పెట్టిన ప్రతి మీద పరీక్షించాలి.

ఇందులోని నష్టం సాంకేతికమైనది మాత్రమే కాదు. కొద్దిమంది మాత్రమే చదవగలిగే లిపిలో యంత్రం తప్పుగా చదివితే దిద్దేవారు తక్కువ. తప్పు పాఠం ఒకసారి అంతర్జాల సంకలనంలో చేరితే, తర్వాతి యంత్రానికి అదే శిక్షణ నమూనా అవుతుంది. ముద్రిత తెలుగు పుస్తకంలో తప్పును ఏ పాఠకుడైనా పట్టుకోగలడు. గుంజాల ప్రతుల విషయంలో ఆ అవకాశం లిపి తెలిసిన గోండు పెద్దలకు, అధ్యాపకులకు మాత్రమే ఉంది. అందుచేత 'గుర్తుతెలియదు' అని యంత్రం ఖాళీ వదిలిన చోట్లు లోపాలు కావు. ఎక్కడ వారి సహాయం కోరాలో చెప్పే గుర్తులు.

8. ముగింపు

పై చర్చ నుంచి తేలిన అంశాలు ఇవి:

- కెర్నెల్ లక్షణాంతరాళంలో కొత్త నమూనా విక్షేపం, భద్రపరచిన శిక్షణ నమూనాలతో దాని పోలికల భారిత మొత్తమే. శిక్షణ సంకలనంలో లేని వైవిధ్యాన్ని ఆ అంతరాళం చూపలేదు.
- కొత్త నమూనాలను శిక్షణ సగటులతోనే కేంద్రీకరించాలి. పిక్సెల్ విలువల కొలమానం, కెర్నెల్ పేరు, గామా విలువ స్పష్టంగా పేర్కొనాలి.
- గాసియన్ కెర్నెల్‌లో పోలిక లేని నమూనాలన్నీ ఒకే బిందువు వద్ద చేరతాయి. విక్షేప పటంలో అవి సందిగ్ధ నమూనాలతో కలిసిపోవచ్చు.
- శేషం ఈ రెంటినీ వేరుచేస్తుంది. పోలిక పూర్తిగా లేని నమూనా శేషం 1కి తక్కువ కాదు.
- లిపి పరిశోధన ఫలితాలను ప్రకటించేటప్పుడు కచ్చితత్వపు శాతంతో పాటు శిక్షణ ప్రతుల వివరం, విభజన పద్ధతి, శేషపు హద్దు, 'గుర్తుతెలియదు' అని వదిలిన అక్షరాల సంఖ్య కూడా ఇవ్వాలి.

కురిక్యాల రాతి మీది అక్షరానికీ, గుంజాల కాగితం మీది అక్షరానికీ యంత్రం పేరు పెట్టేముందు, తాను ఇంతకుముందు చూసినవాటితో వాటికి పోలిక ఎంత ఉందో చెప్పగలగాలి. ఆ సంఖ్య సాఫ్ట్‌వేర్ లెక్కల్లో ఇప్పటికే ఉంది. దాన్ని బయటికి తీసి పాఠం పక్కన ఉంచడం పరిశోధకుని బాధ్యత.